సులైబియా గోదాము ఏ వర్గం?

కోవిడ్‌కు మూడేళ్ల ముందు, మే నెలలో, కువైట్‌లో నేను పనిచేసే కన్సల్టెన్సీ నన్ను సులైబియాలోని ఒక గోదాము తనిఖీకి పంపింది. అప్పటికి నేను సీనియర్ ఫైర్ సేఫ్టీ ఇంజనీరుని. భవనం ఏ వినియోగ వర్గంలోకి వస్తుందో తేల్చి నేను సంతకం చేస్తేనే డ్రాయింగులు అనుమతికి వెళ్తాయి. లోపల ఏం ఉంచుతారు, ఎవరు ఉంటారు అన్నదాన్ని బట్టి ఫైర్ కోడ్ ఆ వర్గాన్ని నిర్ణయిస్తుంది. గోడలు ఎంతసేపు మంటకు ఆగాలి, బయటికి దారులెన్ని ఉండాలి అన్నవి దాని తర్వాతే.

డ్రాయింగులో ‘సాధారణ నిల్వ, టైల్స్’ అని ఉంది. ముందు వరసల్లో టైల్సే ఉన్నాయి గానీ వాసన వేరుగా ఉంది. స్టోర్‌కీపరు ఓబులేసుది రాయచోటి. నేను తెలుగుదాన్నని తెలిశాక, మేనేజరు ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లినప్పుడు మెల్లగా చెప్పాడు.

“యెనకంతా పెయింటు థిన్నరే మేడం. దినామూ డబ్బాల్లోకి వంపుతాం. పైన మెజనైన్ అటక మీద పదకొండు మందిమి పండుకుంటాం.”

వెనక వరసలు తెరిపించి డ్రమ్ములు లెక్కపెట్టాను, అటక ఎక్కి పరుపులు చూశాను. సాధారణ గోదాముకు కోడ్ అనుమతించే పరిమితి ఎప్పుడో దాటిపోయింది. అది అధిక ప్రమాద వర్గం. అలాంటి చోట మనుషులు నిద్రపోకూడదు.

డ్రమ్ములు వారంలో పోతాయి, పాత వర్గమే రాయమన్నాడు మేనేజరు. లేకపోతే తమ మిగతా ప్రాజెక్టులు ఇంకో కంపెనీకి వెళ్తాయన్నాడు. ఆ బెదిరింపు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఓబులేసు సంగతి. అతని ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, గోదాము యజమాని చేతిలోనే ఉంది. అందుకే నివేదికలో ‘నేను స్వయంగా తెరిపించి చూసినవి’ అని మాత్రమే రాసి, అధిక ప్రమాద వర్గం కింద సంతకం పెట్టాను. మా డైరెక్టరు పిలిచి మార్చే వీలుందా అని అడిగాడు. లేదన్నాను. ఆయన దాన్ని అలాగే పంపించాడు. ఆ యజమాని ప్రాజెక్టులు రెండు నిజంగానే పోయాయి.

అనుమతి ఆగేసరికి ఆ పదకొండు మందినీ ఫర్వానియాలో ఫ్లాటుకు మార్చారు. థిన్నర్‌కు మంటకు ఆగే గోడలతో వేరే గది కట్టారు. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ గదిలో పంపు మోటారు నుంచి మంటలు లేచాయి. సాయంత్రం ఓబులేసు ఫోన్ చేశాడు.

“రూము కాలిపాయె మేడం. గోడ నిలబడింది. మనోళ్లందరం బాగుండాం.”

నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునే సంతకం అదే. భవనం వర్గం తేల్చాలంటే డ్రాయింగు చదివితే చాలదు, సరుకు మోసే మనిషిని అడగాలి. చెప్పినవాడి పేరు మాత్రం నివేదికలోకి రాకూడదు.