గవర్నరు గారి షికారు

హర్దత్‌ని కంగారు పెట్టగల మనిషి సముద్రాల అవతలి ఎసెక్విబో తీరంలో ఇంకా పుట్టలేదని ఊళ్ళో అనుకునేవారు. ముప్ఫై ఏళ్ళకు పైగా అతను ఊరి తూముకు కాపరి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తూము తలుపు దించాలి, ఆటు మొదలయ్యాక ఎత్తాలి. పని అంతే. కానీ వానాకాలంలో వరిచేలన్నీ మునిగిపోయి, గుంజల మీద కట్టిన ఇళ్ళ కింద కోళ్ళు ఈదుతుంటే, జనమంతా గట్టు మీదికి వచ్చి "ఎత్తు, ఎత్తు" అని గోల చేసేవారు. పోటు సమయంలో తలుపు ఎత్తితే ఊళ్ళో నీరు బయటికి పోదు, సముద్రమే ఊళ్ళోకి వస్తుంది. ఈ ముక్క అందరికీ తెలుసు, అయినా అరవడం మానరు. హర్దత్ మాత్రం తలుపు గొలుసు మీద చెయ్యి వేసుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "నీళ్ళు తియ్యాల్సినప్పుడే తీస్తాయి. మనం కాసుకుని ఉండటమే" అనేవాడు. పొద్దున తిట్టినవాళ్ళే సాయంత్రం రమ్ము పోయించేవారు.

అంతటి నిబ్బరం గల మనిషి, ఉద్యోగం దిగిపోయి హాయిగా ఇంట్లో కూర్చున్న వయసులో, పిడికెడు లేని ఒక నల్లపిట్ట కోసం ఊరంతా వినేలా గోల చేశాడు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు, అది అబద్ధం కాదు.

ఆ పిట్ట జాతి తువా తువా. దాని పేరు గవర్నరు. లావుపాటి ముక్కు, రెక్క కింద ఓ తెల్ల మచ్చ, చూపులో మహా దర్జా. ఆ తీరంలో మగవాళ్ళకి పిట్టల పిచ్చి ఎంతటిదో చెప్పడం కష్టం. ఆదివారం పొద్దున రెండు పంజరాలను పక్కపక్కన రెండు గుంజలకు తగిలిస్తారు. ఏ పిట్ట ముందు యాభై కూతలు కూస్తే అది గెలిచినట్టు. ఒకడు సుద్దముక్కతో పలక మీద గీతలు గీస్తుంటాడు, మిగతావాళ్ళు వాడు దొంగగీతలు గీస్తున్నాడని పోట్లాడుతుంటారు. ఇక వారమంతా ఎవరి పిట్టను వాళ్ళు షికారు తిప్పుకోవాలి. నలుగురి మధ్య తిరగని పిట్ట పందెంలో నోరు మెదపదు. అందుకని పంజరం సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని మంగలి షాపుకి, ఆసుపత్రికి, పెళ్ళికి, ఆఖరికి చావుకి కూడా తీసుకుపోతారు. గవర్నరు పదిహేనేళ్ళపాటు రోజూ అలా ఊరేగాడు.

ఇది చూసి హర్దత్ భార్య కౌసిల్లకు ఒళ్ళు మండేది.

"పిట్టకి పల్లకీ మోత. నన్ను కట్టుకుని నలభై ఏళ్ళయింది, ఒక్కనాడన్నా ఆ సైకిల్ మీద ఎక్కించుకుని గట్టు దాకా తిప్పావా?" అనేది.

"నువ్వు యాభైసార్లు కూస్తావా చెప్పు, తిప్పుతాను."

"రోజుకి ఐదువందలసార్లు కూస్తూనే ఉన్నానుగా! నీకు వినపడితేగా!"

అలాగని పిట్ట మీద ఆమెకు కోపం ఉందనుకుంటే పొరపాటు. రొట్టెలు కాల్చేటప్పుడు ముక్క ఒకటి విరిచి, ఎవరూ చూడకుండా పంజరం సందులో పెట్టేది. పిట్టకి రొట్టె అరగదని మొగుడు చెప్పిన కొద్దీ పెట్టేది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక గవర్నరు కూత ఆపేశాడు. మొదట గొంతు బొంగురుపోయింది, తర్వాత అసలు రానే లేదు. ఒక కంట్లో పొర కమ్మింది. పగలంతా ఈకలు ఉబ్బించుకుని, ముక్కు ఛాతీలో దాచుకుని, పైకర్ర మీద ఓ మూలకి ఒదిగి కూర్చునేవాడు. పిట్టల మందులు అమ్మే అతను చూసి, "వయసయింది బాబాయ్. నొప్పేం లేదు దానికి. వెచ్చగా ఉంచు, మెత్తటి గింజలు పెట్టు, అల్లరి పెట్టకు. దానికి ఇంకేం అక్కర్లేదు" అన్నాడు.

హర్దత్ వింటేనా! తేనె పోశాడు, మిరపగింజ పెట్టాడు, ఎవరో చెప్పారని అరటిపువ్వు పెట్టాడు. తెల్లవారి లేచింది మొదలు పంజరం ముందు కూర్చుని ఈల వేసేవాడు. గవర్నరు నేర్చుకున్నది ఆ ఈలే. అది వింటే పూర్వం ఛాతీ పొంగించి అందుకునేవాడు. ఇప్పుడు పొర లేని కంటితో ఒకసారి చూసి మళ్ళీ తల దించుకుంటున్నాడు. పాడే పిట్టకి చావు రాదని హర్దత్ మనసులో ఎక్కడో నాటుకుపోయింది. ఒక్కసారి పాడితే చాలు, గండం గడిచినట్టే అనుకున్నాడు. తన గవర్నరు పోతాడన్న మాట నోట్లోకి కూడా రానివ్వలేదు.

చివరికి, ఆ తీరంలో పిట్టలు పెంచే ఏ మగవాడైనా చేసే తప్పే చేశాడు. ముసలి పిట్ట మూగబోతే పక్కన కుర్ర పిట్టను తగిలించాలని వాళ్ళ నమ్మకం. రోషం పుట్టి అదే అందుకుంటుందంటారు. కాంప్టన్ దగ్గరికి పోయి పందెం పెట్టుకున్నాడు.

కాంప్టన్ ఒకప్పుడు పడవ సరంగు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో దెబ్బలు తిన్నవాళ్ళు. పిట్టల పందెంలో అతను ఎన్ని పిట్టలు మార్చినా గవర్నరు మీద ఒక్కసారి గెలవలేదు. ఇప్పుడు బుల్లెట్ అని కొత్త కుర్ర పిట్ట ఉంది.

"ఒరే, ముసలాడితో పందెం ఏమిట్రా? జనం నవ్వుతారు" అన్నాడు కాంప్టన్.

"భయమేస్తోందా?"

అలా అన్నాక ఏ మగాడు ఆగుతాడు?

ఆదివారం ఇజ్మే దుకాణం ముందు రెండు గుంజలూ పాతారు. ఇజ్మే రమ్ము పోసే మనిషే గానీ ఊళ్ళో సగం తగువులు తీర్చేది కూడా ఆమే. పంజరంలోకి తొంగిచూసి, "ఈ పెద్దాయన్ని నిద్రలోంచి లేపి తెచ్చావా ఏం?" అంది. హర్దత్ వినిపించుకోలేదు.

పంజరం తగిలించీ తగిలించకముందే బుల్లెట్ కూత అందుకున్నాడు. పలక మీద గీత మీద గీత పడుతోంది. హర్దత్ గవర్నరు పంజరం కింద నిలబడి ఈల వేశాడు. ఆపి మళ్ళీ వేశాడు. మూడోసారికి గవర్నరు తల ఎత్తాడు. ఛాతీ పొంగించాడు. ముక్కు తెరిచాడు. ఒళ్ళంతా వణికింది గానీ కూత రాలేదు. మళ్ళీ తెరిచాడు. మూడోసారి తెరవబోయి కాళ్ళు పట్టు తప్పి, పైకర్ర మీంచి పంజరం అడుక్కి జారిపోయాడు.

"పాడు నాయనా, పాడు. ఒక్కటి" అంటూ హర్దత్ ఇంకా ఈల వేస్తూనే ఉన్నాడు.

కాంప్టన్ చొక్కా విప్పి బుల్లెట్ పంజరం మీద కప్పేశాడు. చీకటి పడిందనుకుని ఆ కుర్ర పిట్ట నోరు మూసింది.

"తియ్యరా చొక్కా! లెక్కపెట్టు!" అని అరిచాడు హర్దత్.

"ఏం లెక్కపెట్టమంటావురా?" కాంప్టన్ కప్పిన చొక్కా మీంచి చెయ్యి తియ్యలేదు. "వాడికి పాట లేదు. నువ్వు అడుగుతున్నావని నోరు తెరుస్తున్నాడు. నీకోసం తెరుస్తున్నాడురా, కనపట్టంలేదా?"

ఆ మాట అక్కడున్న ఎవరికీ నవ్వు తెప్పించలేదు. సుద్దముక్క పట్టుకున్నవాడు చేత్తోనే పలక తుడిచేశాడు.

హర్దత్ ఇంటికి వచ్చి పంజరం ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఊళ్ళో వార్తలు సైకిల్ కన్నా ముందే వస్తాయి గనక కౌసిల్లకు అంతా తెలుసు. ఆమె చేతికంటిన పిండితోనే వచ్చి పక్కన కూర్చుంది.

"నీళ్ళు తియ్యాల్సినప్పుడే తీస్తాయని ఊరందరికీ చెప్పావు. ఎవరెంత తిట్టినా గొలుసు ముట్టుకోలేదు. ఇవాళ గట్టెక్కి ఎత్తు ఎత్తు అని అరుస్తున్నది ఎవరో తెలిసిందా?"

హర్దత్ పంజరం మీది దుమ్ము వేలితో తుడిచాడు.

"అది పోతుందయ్యా. దానికి తెలుసు, నాకు తెలుసు, మందులవాడికి తెలుసు. నీ ఒక్కడికే తెలీదు."

అప్పుడు ఏడ్చాడు. పెద్దమనిషి, మీసాలున్న మనిషి, పిట్ట కోసం వెక్కి వెక్కి ఏడ్చాడు. కౌసిల్ల ఊరుకోమని అనలేదు. ఏడుపు తగ్గాక వేడి రొట్టె, గుమ్మడికాయ కూర తెచ్చి ముందు పెట్టింది. తిన్నాడు. ఏడ్చినవాడికి ఆకలి ఎక్కువంటారు, నాలుగు తిన్నాడు.

మర్నాడు పొద్దున పంజరంలో కర్ర తీసి బాగా అడుక్కి అమర్చాడు. కింద కౌసిల్ల తలకి చుట్టుకునే పాత ఓణీ గుడ్డ మెత్తగా పరిచాడు. గింజలు నానబెట్టి వేలి మీద పెట్టి అందించాడు. ఈల వెయ్యలేదు. ఆ రోజే కాదు, మళ్ళీ వెయ్యలేదు. తర్వాత పంజరం సైకిల్‌కి తగిలించి, ఎక్కి తొక్కకుండా నడిపించుకుంటూ షికారు బయల్దేరాడు.

ఆ చివరి రోజులు చావు ఇంటి రోజుల్లా లేవు, తిరునాళ్ళలా ఉన్నాయి. పందెంలో జరిగింది అందరికీ తెలుసు కాబట్టి దారి పొడవునా ఆపి పలకరించేవారు.

"ఎలా ఉన్నాడు హర్దత్ అన్నా?"

"పోతున్నాడు. తొందరేం లేదంటున్నాడు."

ఇజ్మే దుకాణంలో గవర్నరుకి ఎండ తగిలే బల్ల ఒకటి కేటాయించింది. ఆ బల్ల మీద గ్లాసు పెట్టినవాడికి చివాట్లు పడేవి. కాంప్టన్ గట్టు వెంట తిరిగి లేత గడ్డిగింజలు దూసి తెచ్చేవాడు. ఇన్నేళ్ళుగా నన్ను ఓడించినవాడికి తిండి పెట్టడం నా ఖర్మ అని సణుగుతూనే, ఒక్కొక్క గింజా ఊది పెట్టేవాడు. గవర్నరు ఓ పెళ్ళికి కూడా వెళ్ళాడు. అక్కడ డోలు మోతకి ఒక కన్ను తెరిచి, వాయించేవాణ్ణి తేరిపార చూసి, నచ్చనట్టు మళ్ళీ మూసుకున్నాడు. పెళ్ళివారు పెళ్ళికొడుకుని వదిలేసి ఆ సంగతే చెప్పుకున్నారు. హర్దత్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఎన్నాళ్ళుంటాడో అన్న లెక్క మానేశాక, ఉన్న రోజు చేతికి అందినట్టు అనిపించింది అతనికి.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మిత్రులూ పాత తూము మీద కూర్చున్నారు. పంజరం ఇద్దరి మధ్యా ఉంది. సముద్రం అప్పుడే ఆటు పట్టింది. కాంప్టన్ తను ఒకప్పుడు పట్టిన చేప కథ చెబుతున్నాడు. ఆ చేప చెప్పినప్పుడల్లా పెరుగుతుంది, ఆ రోజుకి పడవంత అయింది. మధ్యలో హర్దత్ పంజరం వైపు చూశాడు. గవర్నరు ఓణీ గుడ్డ మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. వేలు పెట్టి చూశాడు. ఒళ్ళు వెచ్చగానే ఉంది గానీ ఛాతీ కదలటం లేదు.

హర్దత్ వేలు అలాగే ఉంచాడు. కాంప్టన్ కథని పూర్తిగా చెప్పనిచ్చాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు కూడా. ఆ తర్వాత, "వెళ్ళాడురా" అన్నాడు.

కాంప్టన్ తొంగిచూశాడు. "నా కథ విని విసుగెత్తి పోయుంటాడు" అన్నాడు. ఇద్దరూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. గడ్డిగింజలు దొరికే చోటే గట్టు మీద గొయ్యి తీసి, ఓణీ గుడ్డతో సహా పూడ్చారు. కాంప్టన్ సీసాలోంచి ఓ గుక్కెడు రమ్ము ఆ మట్టి మీద వొంపాడు.

మర్నాడు పొద్దున హర్దత్ అలవాటు చొప్పున సైకిల్ బయటికి తీశాడు. చెయ్యి దానంతటదే పంజరం కొక్కెం మీదికి పోయింది. కొక్కెం ఖాళీగా ఉంది. కడిగిన పంజరం ఇంటి కింద బోర్లించి ఉంది. సైకిల్ పట్టుకుని, ఎటు పోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

కౌసిల్ల మెట్లు దిగి వచ్చింది. తలకి మంచి ఓణీ చుట్టుకుంది, పెళ్ళిళ్ళకి వేసుకునే చెప్పులు వేసుకుంది. ఏమీ అడక్కుండా సైకిల్ ముందు కడ్డీ మీద ఎక్కి కూర్చుంది. సైకిల్ ఓ పక్కకి ఒరిగింది, హర్దత్ కాలు ఊని ఆపాడు.

"పద. షికారుకి" అంది. "కూయమని మాత్రం అడక్కు."

"అడగను" అన్నాడు హర్దత్.