ఆగ్నేయ మూలన ఇంజన్

మా ఇంటి ఆవరణలో ఆగ్నేయ మూలన ఒక సిమెంటు దిమ్మె ఉంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని సమాధి అనుకుని గొంతు తగ్గించి మాట్లాడతారు. క్రైస్తవుల ఇల్లు కాబట్టి ఆ అనుమానం రావడంలో వింత లేదు. మా ఆవిడ వాళ్ళ అనుమానం తీర్చదు సరికదా, "ఆడ మా ఆయన తెలివితేటలు పూడ్చిపెట్టినాము" అని చెప్పి కాఫీ కలపడానికి లోపలికి పోతుంది.

ఆ దిమ్మె మీద ఒకప్పుడు డీజిల్ జనరేటర్ ఉండేది. దాన్ని నేనే కొన్నాను, నేనే పెట్టించాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడిని కాబట్టి ఎవరి సలహా అడగలేదు.

కొనడానికి కారణం మాత్రం మంచిదే. మా ఆవిడకు ఉబ్బసం. ముసురు పట్టినా, దుమ్ము లేచినా ఊపిరి బిగుసుకుంటుంది. అప్పుడు మూతికి మాస్కు తగిలించుకుని, మందును ఆవిరిలా పంపే నెబ్యులైజర్ మిషను పది నిమిషాలు నడిపితే సర్దుకుంటుంది. ఆ మిషనుకు కరెంటు కావాలి. మాది కోట అనే చిన్న పట్నానికి తూర్పున, సముద్రానికి దగ్గరి ఊరు. గాలి కాస్త గట్టిగా వీస్తే ముందు పోయేది కరెంటే.

ఒక తుఫానులో మూడు రోజులు కరెంటు రాలేదు. రెండో రోజు ఆమెకు ఊపిరి అందలేదు. నేను విసనకర్ర పట్టుకుని విసరడం మొదలుపెట్టాను. విసిరితే ఉబ్బసం తగ్గదని నాకు తెలుసు, అయినా చేతులు ఊరుకోలేదు. చివరికి ట్రాక్టర్ ట్రక్కులో పరుపు వేసి, పైన పట్టా కప్పి, కోట ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె నా చొక్కా గుప్పిట పట్టుకునే ఉంది. నేను జీవితంలో అంతగా భయపడింది లేదు. ఇంకోసారి కరెంటు లేక ఆమె ఊపిరికి అల్లాడకూడదని ఆ ట్రక్కులోనే ఒట్టు పెట్టుకున్నాను.

దానికి ఒక ఇన్వర్టర్ చాలు. పక్కింటి టీచరమ్మ అదే కొనుక్కుంది. ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మా చర్చిలో పాటల బృందానికి పెద్దదిక్కు. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ఆ ఇన్వర్టర్ మీద రెండు లైట్లు, ఒక ఫాను నడుస్తాయి. నేను పోయి చూసి, "ఇదేం పవర్ టీచరమ్మా, టార్చిలైటుకి అన్న మాదిరి ఉండాది" అని నవ్వి వచ్చాను. ఆమె కూడా నవ్వింది. అప్పటికింకా మా మధ్య మాటలున్నాయి.

నా కన్ను రొయ్యల గుంటల మీద పడింది. మా వైపు రేట్లు పడిపోయినప్పుడల్లా నలుగురైదుగురు సాగు మానేసి సామాన్లు అమ్మేస్తారు. అలాంటి ఒక ఆసామి దగ్గర అరవై రెండున్నర కేవీఏ జనరేటర్ ఉంది. రొయ్యల గుంటలో నీళ్ళకు గాలి అందించే చక్రాలుంటాయి, వాటిని ఏరియేటర్లంటారు. కరెంటు పోయి అవి ఆగితే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. అందుకని అంత పెద్ద ఇంజన్.

"లక్షల రొయ్యలకి ఊపిరి పోసిన ఇంజను సార్ ఇది" అన్నాడు ఆసామి.

నాకు కావలసింది ఒక్క మనిషికి ఊపిరి. ఇంతకంటే భద్రం ఏముంటుందని తెచ్చేశాను.

దాన్ని విప్పి ఆయిలు, ఫిల్టర్లు మార్చిన మెకానిక్ గుంటల దగ్గర తల నెరిసిన మనిషి. పని పూర్తయ్యాక మా ఇంట్లోకి వచ్చి ఫాన్లు, ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు చూశాడు. బయటికొచ్చి ఇంజన్ వైపు జాలిగా చూశాడు.

"ఇరవై ఏరియేటర్లు లాగిన ఇంజను సార్. మీ ఇంట్లో దీనికి పని యాడుంది? పని చాలకపోతే డీజిల్ సరిగ్గా కాలదు. నల్లపొగ, మసి కక్కతాది."

"రిటైరైన ప్రతివాడికీ ఉండే జబ్బేలే" అన్నాను. అతను నవ్వలేదు.

మెయిన్ బోర్డు పక్కన చేంజోవర్ స్విచ్ పెట్టించాను. హ్యాండిల్ పైకి నెడితే ఊరందరి కరెంటు, కిందికి లాగితే నా కరెంటు. ఆ హ్యాండిల్‌కు ఎర్ర రంగు వేయించి, ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వకముందే దాన్ని చూపించేవాణ్ణి.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. నేను ఉత్తరం వైపు అనుకున్నాను. దిమ్మె కట్టడానికి వచ్చిన మేస్త్రీ ఒప్పుకోలేదు.

"అగ్గి వస్తువు సార్. ఆగ్నేయమే దీని స్థానం. ఇంకో మూల పెడితే ఇంట్లో ఆడోళ్ళకి ఆరోగ్యం చెడతాది."

మేము వాస్తు నమ్మం. మా తాత బాప్తిస్మం తీసుకున్ననాడే ఆ సంగతులన్నీ వదిలేశామని నేను చర్చి యువకుల కూటంలో ఉపన్యాసం కూడా ఇచ్చాను. అయితే మేస్త్రీ మాట్లాడింది ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి. నమ్మకపోయినా పాటిస్తే పోయేదేముంది అనిపించింది. మా ఊళ్ళో క్రైస్తవుల వంటిళ్ళన్నీ ఆగ్నేయంలోనే ఎందుకున్నాయో ఎవరూ ఎవరినీ అడగరు. నేనూ అడగకుండా ఆ మూలనే ముగ్గు పోయించాను.

మా ఆవిడ ఒక్కటే మాట అంది. "సముద్రం గాలి ఆ మూల నించే గదండీ కొట్టేది. పొగంతా ఇంట్లోకే వస్తాదేమో."

"వేడి పొగ పైకి పోతాది. ఎనిమిదో తరగతి పాఠం" అన్నాను.

"ఆ పాఠం గాలికెవురు చెప్తారు?" అని చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

పాస్టరుగారిని పిలిచి ప్రతిష్ఠ ప్రార్థన చేయించాను. ఈ యంత్రము ఈ గృహమునకు ఆశీర్వాదకరముగా ఉండును గాక అన్నారాయన. ఆమెన్ అని ఇంజన్ స్టార్ట్ చేశాను. తర్వాతి వాక్యం ఎవరికీ వినపడలేదు. పాస్టరుగారు దగ్గుతూ పెదవులు కదిలించారు, మేము అంచనా మీద ఇంకో ఆమెన్ చెప్పాం.

ఇంజన్ మూలపడి ఉంటే పాడవుతుందని ప్రతి శనివారం ఒక గంట నడపాలని పెట్టుకున్నాను. పని చాలదని మెకానిక్ అన్నాడు కదా, పని కల్పించాను. గీజరు, గ్రైండరు, మోటారు, రెండు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి వేసేవాణ్ణి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గీజరులో నీళ్ళు కాగుతుండేవి. స్నానం చేసేవాళ్ళు లేక వాటిని పారబోసేవాణ్ణి. ఇల్లు నడవడానికి ఇంజన్ తెచ్చిన నేను, ఇంజన్ నడవడానికి ఇంటిని వాడుతున్నానని అప్పట్లో తట్టలేదు.

శనివారమే మా చర్చి ఆడవాళ్ళు ఆదివారానికి తెల్లచీరలు ఉతికి ఆరేసుకుంటారు. మూడో శనివారం టీచరమ్మ గోడ మీదుగా తన చీర ఎత్తి చూపించింది. దానినిండా జిడ్డు నల్లచుక్కలు. నేను ఎదురుగానే ఉన్నాను. ఆమె మాత్రం మా ఆవిడ వైపు తిరిగింది.

"చెల్లీ, మీ సారుకి చెప్పు. మసిబట్ట కట్టుకుని నేను దేవుడి పాటలు పాడలేను."

"దండెం పడమటి వైపు కట్టుకోమని చెప్పు" అన్నాను, నేనూ మా ఆవిడతోనే.

అప్పటినుంచి ఆమె నాతో నేరుగా మాట్లాడలేదు. గుమ్మంలో నేనొక్కణ్ణే ఉంటే, మా ఆవిడ వచ్చేదాకా మాట నోట్లో పెట్టుకుని నిలబడేది. మా ఆవిడ కూడా శనివారాలు చర్చి ఊడవడానికి పోవడం మొదలుపెట్టింది. చీపురు పట్టుకుని పొద్దున పోతే ఇంజన్ ఆగాకే తిరిగొచ్చేది. రిటైరయ్యాక ఇంట్లో భక్తి పెరిగిందని సంతోషించాను. అది భక్తి కాదు, దగ్గు. దుమ్ము పడని మనిషికి చీపురు దుమ్ము కంటే నా పొగ ఎక్కువ బాధ పెట్టిందంటే, దాన్ని చూడకుండా ఉండడానికి నేను ఎంత కష్టపడి ఉంటానో.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. ఉదయం కరెంటు పోయింది. నేను గొడుగేసుకుని పోయి ఇంజన్ స్టార్ట్ చేసి, లోపలికొచ్చి ఎర్ర హ్యాండిల్ కిందికి లాగాను. ఇల్లంతా వెలిగింది. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది, పొగ పొలాల మీదికి పోతోంది. రెండు రోజులు నేను మా వీధికి రాజును. జనం వచ్చి ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు, బిందెలతో నీళ్ళు పట్టుకుపోయారు. అందరికీ నెబ్యులైజర్ చూపించి, దీనికోసమే ఇదంతా అని చెప్పాను. టీచరమ్మ రాలేదు. చీకట్లో కూర్చుంటుంది గాని నా కరెంటు వాడదా అనుకున్నాను. ఆమె ఇంట్లో లైటు కూడా కనపడలేదు. టార్చిలైటుకి అన్న అప్పుడే చచ్చిపోయిందని మా ఆవిడతో అన్నాను.

మూడోరోజు వాన తెరిపిచ్చింది. తుఫాను తీరం దాటిపోయి, మధ్యాహ్నానికి గాలి ఆగ్నేయానికి తిరిగింది.

పొగ వరండాలోకి, అక్కడినుంచి గదుల్లోకి వచ్చింది. కిటికీలు మూశాను. లోపలికి వచ్చింది లోపలే ఉండిపోయింది. మా ఆవిడ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. మాస్కు పెట్టి నెబ్యులైజర్ వేశాను. మాస్కు పక్కలనుంచి పొగ పోతూనే ఉంది. ఇంజన్ ఆపాను. పొగ తగ్గింది, మిషను ఆగింది. ఆమె మాస్కు తీసి నా వైపు చూసింది. పరుగెత్తి మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ ఆపాను. ఇంటికీ దిమ్మెకీ మధ్య అట్లా ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఆమె ఊపిరి కోసం తెచ్చిన ఇంజన్ ఆమె ఊపిరి తీస్తోంది, ఆ ఊపిరి నిలపడానికి ఆ ఇంజనే కావలసి వస్తోంది. భయం, సిగ్గు ఒక్కసారే పట్టుకుని ఏడుపొచ్చింది.

గేటు తోసుకుని టీచరమ్మ వచ్చింది. మా ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు కాబట్టి మధ్యవర్తి లేడు. ఆమె నన్నే చూసి అంది.

"ఆ ఇంజను ఆపేసి, మిషను తీసుకుని రా సార్. చెల్లిని నేను పట్టుకుంటా."

మిషను చంకలో పెట్టుకున్నాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మా ఆవిడను టీచరమ్మ ఇంటికి నడిపించాం. ఆమె ఇల్లు మాకు పడమర. కిటికీలు మూసి, తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కి ఉంచింది. ఇన్వర్టర్ స్విచ్ వేయగానే పచ్చలైటు వెలిగింది. మిషను సన్నగా రొద పెట్టింది. కాసేపటికి పిల్లికూతలు పలచబడ్డాయి. మా ఆవిడ భుజాలు కిందికి దిగాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

గది ఉక్కపోతగా ఉంది. టీచరమ్మ జాకెట్టు చెమటకు తడిసిపోయింది. పైన ఫాను కదలడం లేదు.

"మూడు రోజుల నించి కరెంటు లేదు గదా, బ్యాటరీ ఇంకా ఎట్టుండాది?" అని అడిగాను.

"నేను వాడలా" అంది. "లైటు గూడా వెయ్యలా. గాలి ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంజను మీంచి తిరుగుతాదని నాకు తెలుసు. చెల్లికి కావాల్సొస్తాదని దాచినా."

ఆమె దండెం మీద ఆరేసిన తెల్లచీరలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మేకుకు ఒక తాటాకు విసనకర్ర వేలాడుతోంది. తీసుకుని విసరడం మొదలుపెట్టాను. గోడకు అవతల నా అరవై రెండున్నర కేవీఏ చల్లారుతూ ఉంది. మా ఆవిడ మాస్కు తియ్యకుండానే చెయ్యి చాపి, నా మణికట్టు పట్టుకుని విసనకర్రను టీచరమ్మ వైపు తిప్పింది.