ఎల్డన్ ఇచ్చిన ఎర్ర స్టాండు

స్కూలు బస్సుల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన ఎల్డన్ ప్రూయిట్‌కి శనివారం పొద్దున అంటే పండగే. తొమ్మిదింటికల్లా వాకిట్లో మడత కుర్చీ వేసుకుని, కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో ఎవరి కారు ఎక్కడ మూలిగినా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఏ ఆయిలు పోయాలి, ఏ బ్యాటరీ కొనాలి, ఫలానా చప్పుడు దేనిది అని అడిగేవారు. ఎల్డన్ వెంటనే చెప్పేవాడు కాదు. గడ్డం గోక్కుని, కాసేపు రోడ్డు వైపు చూసి, అప్పుడు చెప్పేవాడు. ఎదుటివాడు తలూపుతుంటే ఆ క్షణం ఆయనకి కడుపు నిండినట్టుండేది.

పక్కింటి మార్లా హెంక్ కూడా ఒక ఆగస్టు శనివారం అలాగే వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఆస్పత్రి లాండ్రీలో పని. భర్తతో విడిపోయి రెండేళ్ల కిందట ఆ ఇంట్లోకి దిగింది. ఆమె పాత కారు బ్రేకు తొక్కితే వీధి చివరిదాకా కీచుమనేది. ఈసారి మెకానిక్ దగ్గరికి వెళ్లననీ, తనే బ్రేకు ప్యాడ్లు మారుస్తాననీ, ముందు కారు లేపడానికి ఏ జాక్ కొనాలో చెప్పమనీ అడిగింది. చేతిలో చిన్న నోటు పుస్తకం ఉంది. అందులో చూసినవీ, విన్నవీ బొమ్మలతో సహా రాసుకుంది.

ఎల్డన్ పుస్తకం వైపు చూడనైనా లేదు. తనే భార్య కారు తీసి ఆమెని విడిభాగాల కొట్టుకి తీసుకెళ్లాడు.

అక్కడ జాక్ విషయంలో ఆయన చెప్పినవన్నీ మంచి మాటలే. తేలిగ్గా ఉండే అల్యూమినియం జాక్ మీదికి ఆమె చెయ్యి పోతే, దూరాలు మోసేవాళ్లకి అది బాగుంటుందనీ, ఇంట్లో ఒక్కచోటే ఉండేదానికి బరువైన ఉక్కుదే నిబ్బరమనీ చెప్పాడు. ఎంత పైకి లేస్తుందో అందరూ చూస్తారు గాని ఎంత కిందికి దిగుతుందో చూడరన్నాడు. కారు పొట్ట నేలకి దగ్గరగా ఉంటే జాక్ అసలు లోపలికే దూరదు. మూడు టన్నులది, బాగా కిందికి దిగేది తీయించాడు. జాక్ లేపడానికే తప్ప నిలబెట్టడానికి కాదనీ, అందులో నూనె కారితే మెల్లగా కుంగుతుందనీ, బరువు మోసే ఇనుప స్టాండ్లు పెట్టకుండా కారు కింద వేలు కూడా పెట్టొద్దనీ గట్టిగా చెప్పాడు. కౌంటర్ దగ్గరున్న కొట్టు మనిషి లయల్ కూడా చేస్తున్న పని ఆపి విన్నాడు.

అదే ఎల్డన్‌కి తలకెక్కింది.

మార్లా అప్పటికే ఒక స్టాండ్ల జత తీసి కొట్టులోని తోపుడు బండిలో పెట్టుకుంది. ఒక్కోదానికి ఎత్తు మార్చే గాట్లతో పాటు గొలుసుతో వేలాడే పిన్ను ఉంది. గాట్లు జారినా ఆ పిన్ను ఆపుతుందని ఆమె పుస్తకంలో రాసుకుంది. ఎల్డన్ ఆ జతని తీసి తిరిగి అరలో పెట్టేశాడు.

"ఇవన్నీ రేకు డబ్బాలమ్మాయ్. నా దగ్గరున్నవి నీకన్నా వయసులో పెద్దవి. స్కూలు బస్సుల్ని మోసినవి. ఇంటికెళ్లి ఇస్తాను" అన్నాడు.

లయల్ నవ్వాడు. మార్లా కూడా నవ్వి థాంక్స్ చెప్పింది. ఎల్డన్ ఆ పూట ఈల వేసుకుంటూ బండి నడిపాడు.

ఇంటికొచ్చి షెడ్డు తలుపు తీశాక అసలు సంగతి గుర్తొచ్చింది. మంచి స్టాండ్లు రెండూ ఆయన సొంత ట్రక్కు కింద ఉన్నాయి. దాని వెనక చక్రాలు ఊడదీసి వారమైంది. బల్ల వెనక మిగిలింది పాత జత. అందులో ఒకటి ఆరేళ్ల కిందట ట్రక్కు మోస్తూనే టక్కుమని ఒక గాటు కిందికి జారింది. అప్పుడు విప్పి చూస్తే, గాట్లలో ఇరుక్కుని బరువు నిలబెట్టే ఇనుప నాలుక అరిగి గుండ్రమైపోయి ఉంది. పారేస్తానని భార్య ఒపాల్‌తో అన్నాడు. పారేయలేదు. మరుసటి వేసవిలో వరండా కమ్మీలకి వేయగా మిగిలిన ఎర్ర రంగు దానికి పూశాడు. రంగు పూశాక అది చూడ్డానికి కొత్తదానిలా ఉంది.

ఇప్పుడు దాన్ని చేతిలో పట్టుకుని ఎల్డన్ నిలబడిపోయాడు. బయట మార్లా ఎదురుచూస్తోంది. ట్రక్కు చక్రాలు బిగించి మంచివి తీసివ్వడానికి గంట పట్టదు. లేకపోతే, నా దగ్గరివి పనికిరావు, నువ్వు తీసినవే కొనుక్కో అని చెప్పొచ్చు. లయల్ ముందు అంత మాటన్నాక అది చెప్పడానికి నోరు రాలేదు. స్టాండుని నేలమీద పెట్టి దానిమీద తన బరువంతా వేసి ఊగాడు. నిలిచింది. ఆమెది చిన్న కారే కదా అనుకున్నాడు. జత తీసుకెళ్లి ఇచ్చేశాడు.

జాక్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టమని ఉందని, అలా చెయ్యాలా అని మార్లా అడిగితే, అది పుస్తకాలు రాసేవాళ్ల భయమని కొట్టిపారేశాడు.

మర్నాడు పదింటికి ఎల్డన్ కంచె పక్కన పొదలు కత్తిరిస్తున్నాడు. పక్క వాకిట్లో లారీ నుంచి ఇనుప పెట్టె పడ్డట్టు చప్పుడైంది. ఆ వెంటనే ఏ కేకా వినబడలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. కత్తెర పడేసి పరుగెత్తాడు.

కారు ఒక పక్కకి వాలి ఉంది. పూర్తిగా నేలకి అంటుకోలేదు. ఎల్డన్ వద్దన్న ఆ చక్రాన్ని మార్లా అంచు కింద పడుకోబెట్టే ఉంచింది. కారు దానిమీద ఆగింది. మార్లా సిమెంటు మీద కూర్చుని ఎడమ చేతిని గుండెకి అదుముకుని ఉంది. కింద పడ్డ బోల్టు కోసం చెయ్యి పెట్టినప్పుడు రెండు వేళ్లు ఇనుముకీ నేలకీ మధ్య నలిగాయి. అంతకు నిమిషం ముందు ఆమె భుజం, తల అక్కడే ఉన్నాయి. ఎర్ర స్టాండు తన కాళ్లలోకి తనే దిగిపోయి కురచగా, కారు కింద నిలబడి ఉంది.

"నేనే సరిగ్గా పెట్టలేదేమో" అంది మార్లా. పెదాలు తెల్లబడిపోయాయి.

"మొదటిసారి కదా. అవుతుంటాయి" అన్నాడు ఎల్డన్.

ఆ మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి క్షణం వ్యవధి ఉంది. ఆ క్షణం కూడా దాటిపోయింది. ఒపాల్ వచ్చి మార్లాని ఆస్పత్రికి తీసుకెళ్లింది. వాళ్లు వీధి మలుపు తిరగగానే ఎల్డన్ చేసిన మొదటి పని, జాక్‌తో మార్లా కారు లేపి ఎర్ర స్టాండు తీసి తన షెడ్డులో బల్ల వెనక దాచడం.

రెండు వేళ్లకీ ఎముకలు విరిగాయి, ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. లాండ్రీలో ఆమెని బరువులెత్తే పనిలోంచి తీసి దుప్పట్లు లెక్కపెట్టే పనిలో వేశారు. పక్క ఊరి నుంచి అన్న డ్వేన్ వచ్చి, ఇలాంటి పనుల జోలికి పోవద్దని చిన్నప్పుడు నాన్న చెప్పలేదా అని చెల్లెల్ని వాకిట్లోనే కసిరాడు. తర్వాత కంచె దాటి వచ్చి ఎల్డన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. మీరు పక్కనుండబట్టి సరిపోయిందన్నాడు. ఎల్డన్ ఆ చేతిని చాలాసేపు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

శుక్రవారం అగ్నిమాపక కేంద్రం హాల్లో చేపల వేపుడు విందుకి ఊరంతా చేరింది. మార్లా కట్టు కట్టిన చెయ్యి బల్లమీద పెట్టుకుని, తన కథ తనే నవ్వుతాలుగా చెప్పింది. నేను స్టాండు పెడితే అది కూడా కూలబడింది చూడండి అంది. అందరూ నవ్వారు. ముందు ఎల్డన్‌ని అడగాల్సిందని ఎవరో అన్నారు.

"అడిగాను. ఆయన అన్నీ సరిగ్గానే చెప్పారు. నాకే చేతకాలేదు" అంది.

ఎల్డన్ నోట్లో చేపముక్క ఉంది. అది మింగడానికి రెండు గుక్కల నీళ్లు కావాల్సొచ్చాయి. తలెత్తితే ఎదురుగా ఒపాల్ ఆయన్నే చూస్తోంది.

ఇంటికి వస్తూ దారిలో ఒపాల్ అడిగింది. "అది ఎర్రదేనా?"

ఎల్డన్ రోడ్డు చూస్తూ, అవునన్నాడు.

"పారేస్తానన్నదేగా?"

ఆయన వేగం తగ్గించి మలుపు తిప్పాడు. "నేను ఆ పిల్లకి చెప్పను. చెప్పాల్సింది నువ్వు" అని ఒపాల్ కారు కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఆమె ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఎల్డన్‌కి అనిపించేది. తిడితే కొంత భారం దిగేది. శనివారం మడత కుర్చీ బయటికి తీయలేదు. నడుం నొప్పని చెప్పాడు. కిటికీ తెర సందులోంచి పక్క వాకిలి చూసేవాడు. కారు అలాగే ఒక పక్క చక్రం లేకుండా, మార్లా అన్న తెచ్చిన చెక్క దిమ్మెల మీద ఉంది. మార్లా సహోద్యోగి ఎవరో వచ్చి ఆమెని పనికి తీసుకెళ్లేవారు.

పదకొండో రోజు సాయంత్రం మార్లా కొత్త జాక్‌ని రోడ్డు అంచుకి లాక్కొచ్చింది. ఒంటి చేత్తో లాగడానికి ఆపసోపాలు పడింది. దానిమీద అట్టముక్క నిలబెట్టి లోపలికెళ్లిపోయింది. కావలసినవాళ్లు తీసుకెళ్లండి అని రాసి ఉంది.

ఎల్డన్ అది చదివాడు. షెడ్డులోకి వెళ్లి ఎర్ర స్టాండు తీసుకుని ఆమె తలుపు తట్టాడు.

మార్లా తలుపు తీయగానే ఆయన ఏ ముందుమాటా లేకుండా స్టాండుని గుమ్మం మెట్టు మీద పెట్టాడు. స్తంభం పైకి లాగి, చేత్తో నొక్కాడు. నిలిచింది. పక్కనుంచి కాలితో చిన్నగా తన్నాడు. సర్రుమని దిగిపోయింది.

"నువ్వు సరిగ్గానే పెట్టావు. ఇది పాడైంది. ఆరేళ్లుగా పాడైందే" అన్నాడు.

మార్లా స్టాండు వైపు చూసింది. "ఇచ్చేటప్పుడు తెలుసా?"

"తెలుసు."

"ఆ రోజు నేను తప్పు నాదన్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

 ఎల్డన్ తన టోపీ తీసి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చేతులతో నలుపుతున్నాడు.

"వేళ్లు అతుక్కుంటాయి" అంది మార్లా చివరికి. గొంతు పెంచలేదు. "పదకొండు రోజులుగా నేనొక తెలివితక్కువదాన్నని ఊరంతా చెప్పుకు తిరిగాను. మీరు ఎదురుగా కూర్చుని చేపలు తిన్నారు."

తలుపు వేసేసింది. గట్టిగా కూడా వెయ్యలేదు.

ఎల్డన్ ఇంటికొచ్చి ఇనుము కోసే యంత్రంతో స్టాండుని రెండు ముక్కలు చేశాడు. మర్నాడు లయల్ కొట్టుకి వెళ్లి, నలుగురు వింటుండగా జరిగింది చెప్పాడు. లయల్ గల్లాపెట్టె మీద వేళ్లు ఆడిస్తూ, అలాగా, అని మాత్రం అన్నాడు. ఎల్డన్ డ్వేన్‌కి కూడా ఫోన్ చేశాడు. అవతలివైపు నుంచి వచ్చిన మాటలన్నీ విని, నిజమేనని ఒప్పుకున్నాడు. శనివారాలు వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చిన ఒకరిద్దరు కూడా ఆయన చెప్పింది విన్నాక ఫోన్లో మళ్లీ వెతికి చూసుకునేవారు. అది న్యాయమేనని ఎల్డన్ అనుకున్నాడు గాని, మెడ మీద సెగలు మాత్రం ప్రతిసారీ వచ్చేవి.

జాక్‌ని ఎవరైనా తీసుకెళ్లేలోపే మార్లా దాన్ని లోపలికి లాక్కుంది. అది ఎల్డన్‌కి ఒపాల్ చెబితే తెలిసింది.

అక్టోబర్లో కట్టు విప్పాక మార్లా మళ్లీ కారు దగ్గరికొచ్చింది. పిన్నులున్న స్టాండ్లు సొంతంగా కొనుక్కుంది. కారు పడ్డప్పుడు నలిగిన బ్రేకు గొట్టం కొత్తది తెచ్చి బిగించింది. ఎల్డన్ తెర సందులోంచి చూశాడు గాని గడప దాటలేదు. మధ్యాహ్నం ఆమే కంచె దగ్గరికి వచ్చింది.

"ఒపాల్ గారున్నారా?"

చర్చికి వెళ్లిందని చెప్పాడు.

"బ్రేకు గొట్టంలో గాలి తీయాలి. పెడల్ తొక్కడానికి ఒక మనిషి కావాలి" అంది. కారు వైపు ఒకసారి చూసి, "మీరు రండి. సలహాలు మాత్రం వద్దు" అంది.

ఎల్డన్ వెళ్లాడు. ఆయన్ని ఎక్కనిచ్చే ముందు మార్లా కారుకి నడుం ఆనించి రెండుసార్లు గట్టిగా ఊపింది. స్టాండ్లు కదల్లేదు. పిన్నులు వంగి చూసింది. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టింది. అప్పుడు తల ఊపింది. ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అక్కడినుంచి ఆమె కనబడదు. మాట మాత్రం కిందనుంచి వచ్చేది.

"తొక్కండి."

తొక్కాడు.

"పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలొద్దు."

పెడల్ ఆయన కాలి కింద మెల్లగా దిగింది. కింద ఆమె గాలి వదిలే మర బిగించిన చప్పుడు వినబడింది. ఎల్డన్ పిక్క వణకడం మొదలైంది. ఆమె చెప్పేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.