పెంటికల మావయ్య

అడవిలో వాచరుగా పనిచేసే ఆయన్ని వీధి వీధంతా పెంటికల మావయ్య అంటుంది. నేల మీద నల్లగా, గుండ్రంగా ఏది కనిపించినా ఆయన కాళ్లు ఆగిపోతాయి. ఊడిపడిన చొక్కా గుండీనైనా సరే, వంగి రెండు వేళ్లతో తిప్పి చూసి, ఉసూరుమంటూ కింద పెడతాడు. జేబులో ఒక అగ్గిపెట్టె ఉంటుంది. నిప్పు కోసం అడిగి దాన్ని తెరిచినవాళ్లు రెండోసారి అడగరు. భార్య బతికున్నన్నాళ్లూ ఆయన్ని గుమ్మంలోనే ఆపి, "చేతులు కడుక్కున్నావా?" అని కసిరేది. ఆవిడ పోయాక కూడా ఆయన సాయంత్రం గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, "కడుక్కున్నాలేవే" అని చెప్పి మరీ లోపలికి వెళతాడు.

మొన్న కొత్త ఆఫీసరు వచ్చి, గుట్ట మీద జింకలే లేవు, ఇక కాపలా ఎత్తేస్తామన్నాడు. ముప్ఫై ఏళ్ల పని పోయేలా ఉంది. మావయ్య ఆఫీసర్ని పొదల దాకా నడిపించి, ఒక కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇవి మేక పెంటికలయ్యా!" అన్నాడు ఆఫీసరు.

"మేకవైతే రెండు కొసలూ మొద్దుగా ఉంటాయి సార్. వీటికి చూడండి, ఒక కొస మొన, రెండో కొస సొట్ట," అంటూ మావయ్య ఒకటి తీసి ఆఫీసరు అరచేతిలో పెట్టాడు. "వెచ్చగా ఉందా?"

"ఉందయ్యోయ్!"

"అయితే మెల్లిగా మాట్లాడండి. ఇక్కడే ఉంది."

ఆఫీసరు కూడా గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి పొద కదిలి, ఒక జింక, దాని వెనకే పిల్ల, చెంగున గెంతి పోయాయి. కాపలా ఉంటుందిలే అన్నాడు ఆఫీసరు. ఆ సంబరంలోనే సంచిలోంచి బిస్కెట్టు తీసి నోటి దాకా తెచ్చాడు.

"చేతులు కడుక్కున్నావా?" అచ్చం ఆవిడలాగే కసిరాడు మావయ్య. ఆఫీసరు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చి, "సార్" అని చేర్చాడు మావయ్య.