పైకి చదివే శ్రీమన్నారాయణ గారు

కంప్యూటరు తెర మీద ఏ అక్షరం కనబడినా పైకి చదవందే శ్రీమన్నారాయణ గారికి ఊపిరాడదు. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఆయన జెరాక్సు కొట్లో అడుగుపెడితే ముందు వినబడేది మిషను కాదు, ఆయన గొంతు. మొదట ఇంగ్లీషు ముక్క, వెంటనే తెలుగు అర్థం, ఆ పైన కంప్యూటరుకు జవాబు.

"'ఆర్ యూ ష్యూర్' అంటే, నిశ్చయమేనా అని. నిశ్చయమేనమ్మా, ఎన్నిసార్లు చెప్పను!"

"ఏం నారాయణ గారూ, మళ్ళీ రెండో తరగతిలో చేరారా?" అని కొట్టుకొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన వేలు తెర మీద పెట్టి తర్వాతి మాటకు వెళ్ళిపోయేవారు.

కాగితాలు అందించే జయమణి మాత్రం నవ్వేది కాదు. ఏడో తరగతిలో బడి మానేసిన పిల్ల. నోరు తెరిస్తే ఏం తప్పు దొర్లుతుందోనని భయం. మూలన నిలబడి చూస్తూ ఉండేది.

రెండువేల ఏడు మార్చిలో కొట్లోని పెద్ద కంప్యూటరు వైరస్ తగిలి మంచం పట్టింది. శ్రీమన్నారాయణ గారి తల్లి సీతారావమ్మ గారు పక్కనున్న తమ టోకు దుకాణం నుంచి వచ్చి తీర్పు చెప్పారు.

"సోమవారానికి ఇది లేవకపోతే ఈ గదిలో ఎండుమిర్చి బస్తాలు వేయిస్తా. పిల్లని వేరే పని చూసుకోమను."

జయమణికి వేరే పనంటే మళ్ళీ మిరప చేలే.

"విండోస్ తీసేసి లైనక్స్ వేద్దాం. దానికి ఈ వైరస్‌ల బెడద లేదు, పైగా ఊరికే ఇస్తారు," అన్నారాయన. నందిగామ నెట్ సెంటరు అతను రెండు రోజులు కూర్చుని దింపిన ఫైలును హార్డు డిస్కులో ఎక్కించుకుని, తువ్వాలులో చుట్టి, బస్సులో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. కొట్లో ఉన్న రెండో, చిన్న కంప్యూటరులో సీడీ రాయడం మొదలైంది.

మొదటి సీడీలోకి ఫైలును ఫైలుగానే కాపీ చేశారు. పెద్ద కంప్యూటరు దాని మొహం కూడా చూడలేదు. "విప్పి పరచాల్సినదాన్ని మూటగానే పెట్టాం," అని నిట్టూర్చారు. రెండోది విప్పే రాశారు, సగంలో చచ్చింది. ఫైలే దారిలో చెడిందని తేలి మళ్ళీ నందిగామ బస్సు. మూడోది తొందరపడి పెద్ద వేగంతో రాశారు, అదీ పోయింది. ప్రతి దెబ్బనూ ఆయన పైకి చదివారు, అర్థం చెప్పారు, మన్నించమని కంప్యూటరును వేడుకున్నారు.

ఆదివారం నాలుగోది. బాగా నెమ్మదిగా రాసి, పైన స్కెచ్ పెన్నుతో పేరు రాసి, భోజనానికి వెళ్ళినప్పుడు దేవుడి దగ్గర పెట్టి తెచ్చారు. పెద్ద కంప్యూటరు లేచింది! రంగులొచ్చాయి. సగం దాకా ఎక్కింది. ఆగింది. తెర మీద ఓ పెద్ద పేరా పడింది.

శ్రీమన్నారాయణ గారు నోరు తెరవలేదు. తల చేతుల్లో పెట్టుకుని కూలబడిపోయారు. గుమ్మంలో సీతారావమ్మ గారు హమాలీ బసవయ్యతో తాడు పెట్టి గది కొలిపిస్తున్నారు.

"ఎన్ని బస్తాలు పడతాయి బసవయ్యా?"

"ముప్పై పడతాయమ్మా, ఈ పిల్ల జరిగితే."

జయమణి జరగలేదు. తెరకేసి చూస్తోంది.

"సార్... 'క్లీన్ ద సీడీ'... తుడిచి చూడమంటోంది సార్."

బయటికి తీసి చూస్తే మెరిసే వైపు నిండు కుంకుమ బొట్టు!

"అమ్మా!"

"కొత్త వస్తువు బొట్టు పెట్టకుండా వాడతారట్రా? పై వైపు నీ రాతలున్నాయి, చెరిగిపోతాయని ఖాళీ వైపు పెట్టా," అన్నారు సీతారావమ్మ గారు. తర్వాత జయమణిని ఎగాదిగా చూశారు. "నీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చిందే?"

"సార్ రోజూ పైకి చదువుతారు కదమ్మగారూ... వేలు పెట్టిన చోట చూసేదాన్ని."

"వీడా? మొన్న నువ్వు జ్వరమొచ్చి వారం రాకపోతే నేనేగా ఇక్కడ కూర్చుంది! ఒక్క ముక్క పైకి అంటే ఒట్టు. నోరు పడిపోయిందేమోనని డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్ళా."

శ్రీమన్నారాయణ గారి చెవులు ఎర్రబడ్డాయి. "ఆ వారం గొంతు నొప్పిలేమ్మా," అంటూ సీడీ తుడవడంలో మునిగిపోయారు.

ఈసారి చివరిదాకా ఎక్కింది. బసవయ్య తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. వాడేవాళ్ళ పేర్లు చేర్చే చోటు రాగానే శ్రీమన్నారాయణ గారు కీబోర్డును జయమణి వైపు జరిపారు.

"నీ పేరు కొట్టు."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. "పాస్‌వర్డ్ అడుగుతోంది సార్. ఏం పెట్టమంటారు?"

"నాకు చెప్పకు. అది నీకొక్కదానికే తెలియాలి," అని ఆయన కుర్చీ తిప్పుకుని గోడకేసి కూర్చున్నారు. అదీ చాలదనుకున్నారేమో, కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నారు.