రాలేనివాళ్ల బటన్

జయకుమారికి చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు, ‘ఎందుకు?’ అని అడగడం. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో పనిచేసే తల్లి కొంగు పట్టుకుని తిరిగే రోజుల్లోనే, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండా పత్తి ఎందుకు అంటుకుంటోందని మేస్త్రీని అడిగింది. పత్తిలో కలిసొచ్చిన రాయో ఇనుప ముక్కో మిషన్‌కు తగిలితే రవ్వ లేస్తుందని ఆయన చెబితే, మరి ముందే ఎందుకు ఏరరని నిలదీసింది. ఆయన విసుక్కున్నాడు. ఆ ప్రశ్నే ఆమె చేత ఇంజనీరింగ్ చదివించి, చివరికి ఆ ఊరి హైవే మీదున్న స్పిన్నింగ్ మిల్లుల కంపెనీకి టెక్నాలజీ హెడ్‌ను చేసింది.

ఉద్యోగం ఒక ఎత్తు, ఆమె నడిపే జట్టు మరో ఎత్తు. ఏ మిల్లులో పత్తి అంటుకున్నా, ఫైరింజన్ వచ్చేలోపు పరుగెత్తుకెళ్లి కాలే కుప్పను మిగతా పత్తికి దూరంగా లాగేసే మనుషులు వాళ్లు. హమాలీలు, టీకొట్టువాళ్లు, లారీ డ్రైవర్లు. జీతం లేదు, భత్యం లేదు. ఆఫీసులో పదిసార్లు చెప్పినా కదలని పని ఇక్కడ ఒక్క కేకతో ఎలా అవుతుందో ఆమెకు అంతుపట్టేది కాదు. దాన్ని ఊరికే వదిలేస్తే జయకుమారి ఎందుకవుతుంది? ఒక యాప్ చేసింది. మంట అనగానే అందరి ఫోన్లూ మోగుతాయి. బయల్దేరినవాళ్లు ‘వస్తున్నా’ అని నొక్కాలి. వాళ్ల పేరు అందరికీ కనబడుతుంది. కంపెనీ పెద్దలు తెగ మురిసిపోయారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఓ మిల్లు యార్డు అంటుకుంది. హమాలీ బుల్లయ్య ‘వస్తున్నా’ అని నొక్కి వెళ్లాడు. ఇంకెవరూ రాలేదు. ఒక్కడే కుప్పను లాగి లాగి రెండు చేతులూ కాల్చుకున్నాడు.

ఎన్నడూ లేనిది ఆ రోజే ఎందుకు రాలేదు? జయకుమారి ఒక్కొక్కరినీ అడిగింది. టీకొట్టు కోటేష్ తల గోక్కున్నాడు.

“బుల్లయ్య బాబాయ్ పేరు పడింది కదక్కా. ఆయన వెళ్తున్నాడుగా, చాల్లే అనుకున్నా.”

అందరిదీ అదే మాట. ఇదివరకు ఎవరు వెళ్తున్నారో తెలియక అందరూ పరుగెత్తేవాళ్లు. ఇప్పుడు తెలిసేసరికి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

కారణం దొరికిందన్న సంబరంతో ఆమె బుల్లయ్య ఇంటికెళ్లి అదంతా చెప్పింది. భర్తకు అన్నం కలిపి పెడుతున్న సుబ్బరావమ్మ చెయ్యి ఆగింది.

“నీ ఫోన్లోనూ పడే ఉంటుందిగా అమ్మాయ్ ఆయన పేరు? నువ్వెందుకు రాలేదు?”

జయకుమారికి అంతా గుర్తుంది. ఆ రోజు మీటింగులో ఉంది. పేరు చూసింది. ఫోన్ బోర్లా పెట్టింది. సిగ్గుతో కళ్లనీళ్లు పెట్టుకుంది.

“పోనీవే, పిల్ల ఏడుస్తోంది” అన్నాడు బుల్లయ్య.

మర్నాడే ‘వస్తున్నా’ తీసేసి, దాని బదులు ‘రాలేను’ అనే బటన్ పెట్టింది. రాలేనివాళ్ల పేరే ఇక అందరికీ కనబడుతుంది. పదిమందిలో ‘రాలేను’ అనిపించుకునేంత మొహమాటం లేనివాడు పేటలో ఎవడు?

ఏప్రిల్లో ఆమెను డైరెక్టరుగా తీసుకోవాలా వద్దా తేల్చడానికి బోర్డు కూర్చుంది. ఆమె మాట్లాడుతుండగానే ఫోన్ మోగింది. తెర మీద ఒక్కటే బటన్.

“మీవాళ్లు వెళ్తారు కదమ్మా, కానివ్వండి” అన్నాడు ఛైర్మన్.

ఆమె వేలు బటన్ దాకా వెళ్లింది.

“పోయినసారి నేనూ అలాగే అనుకున్నానండీ” అంటూ లేచింది.

మిల్లు గేటు దగ్గర కోటేష్, ఇంకా బోలెడుమంది. మానీ మానని చేతులతో బుల్లయ్య అందరి మీదా కేకలేస్తున్నాడు.

“ఏమ్మా, మీటింగు లేదా?”

“ఉంది బాబాయ్” అని కొంగు నడుముకు దోపి కుప్ప వైపు నడిచింది.