వలిసె పూల దాకా వెంటొచ్చిన వంటిల్లు

ఈ ప్రయాణం ఆస్పత్రి మంచం దగ్గర మొదలైంది. ఆషాఢంలో మా అక్క సత్యవతికి గర్భసంచి తీసేస్తే, అనకాపల్లిలో నాలుగు రోజులు నేనే తోడున్నాను. అక్కని ఇచ్చింది వడ్డాదిలో. ఇరవై ఎనిమిదేళ్ళుగా చెరకు, వరి, పశువులు, అత్తగారు. వాళ్ళ పొలంలో తలెత్తితే మాడుగుల కొండలు కనిపిస్తాయి. రోజూ చూస్తుంది కానీ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ నాలుగు రోజుల్లో ఒక మధ్యాహ్నం మందుల మత్తులో అడిగింది. "ఒసే రమా, ఆ కొండల మీద వలిసె పూలు పూస్తాయంట కదే. సంతకొచ్చే కొండావిడ సెప్పింది. నడుం దాకా వస్తాయంట, ఎటు సూసినా పసుపేనంట. ఓపాలి అందులో నిలబడాలనుందే." నాకు తెలిసి మా అక్క తన కోసం ఏదైనా అడగడం అదే మొదటిసారి. నేను చోడవరంలో హైస్కూల్ టీచర్ని, మా ఆయనకీ ఉద్యోగముంది. రెండు గంటల దూరంలో ఉన్న పూలు చూపించడం ఎంత పని అనుకున్నాను.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను, వలిసె నూనెగింజల పంట. కార్తీకంలో పాడేరు నుంచి అరకు దాకా పొలాలన్నీ ఆ పూలతో పసుపుపచ్చగా మెరుస్తాయి. అక్కని బస్సులో తీసుకెళ్ళే వీల్లేదు. ఎక్కువసేపు కూర్చోలేదు, గంటగంటకీ బాత్రూం కావాలి. అప్పుడు మా ఆయన విశాఖలో ఒకచోట ట్రైలర్లు అద్దెకిస్తారని కనుక్కున్నారు. ఏడు సీట్ల బండికి వెనకాల తగిలించే చిన్న గది అది. లోపల రెండు మంచాలు, బాత్రూం ఉంటాయి. బండితో, డ్రైవరుతో కలిపి రోజుకి ఎనిమిది వేలు, డీజిల్ మనదే. గ్యాస్ పొయ్యి, సింకు ఉన్నది కావాలంటే ఇంకో వెయ్యి. అక్కకి రాత్రి వేడినీళ్ళు, మందులకి పాలు కావాలి కదా అని పొయ్యి ఉన్నదే కావాలని పట్టుబట్టింది నేనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

శనివారం పొద్దున్న అయిదున్నరకి చోడవరంలో బయల్దేరాం. నేను, మా ఆయన, పన్నెండేళ్ళ మా అమ్మాయి కీర్తి, డ్రైవరు అప్పలరాజు. ఎక్కగానే అతను ఒక రూలు చెప్పాడు. "బండి నడిసేటప్పుడు ట్రైలర్లో ఎవులూ ఉండకూడదు మేడం. ఆపినాకే ఎక్కాల. కుదుపుకి పడిపోతారు." ఆరు గంటలకి వడ్డాదిలో అక్క ఇంటి ముందు ఆగేసరికి బావ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. పక్కనే వాళ్ళమ్మగారు. ఆవిడ వస్తున్నట్టు నాకెవరూ చెప్పలేదు. ఆవిడ పక్కన ఇరవై కిలోల బియ్యం బస్తా, కందిపప్పు, కూరలు, నూనె డబ్బా, కుక్కరు, రెండు గిన్నెల సంచులు ఉన్నాయి.

"ఏటండీ అత్తయ్యగారూ ఇదంతా, రెండ్రోజులే కదా" అన్నాను.

"కార్తీకం కదే తల్లీ. ఈ నెల్లో బయట మెతుకు ముట్టను. పొయ్యి ఉన్నాది కదా, సత్యం ఒండీస్తాది" అని ట్రైలర్ చుట్టూ తిరిగి చూసుకుంది. "బాగుందే, సక్రాల ఇల్లు."

బావ నవ్వాడు. "ఇంకేటి, హోటలు కర్సు కూడా మిగిలింది." అక్క గిన్నెల సంచులు ఎత్తి ట్రైలర్లో సర్దుతోంది. ఆపరేషన్ అయిన మనిషి బరువులు ఎత్తకూడదని డాక్టరు చెప్పిన మాట నాకు గుర్తుంది, బావకీ గుర్తుండే ఉంటుంది. సంచి నేనందుకున్నాను, బస్తా అప్పలరాజు ఎక్కించాడు. అత్తగారికి ముందు వరస కిటికీ, బావకి డ్రైవరు పక్క సీటు. వెనక వరసలో, ట్రైలర్లో పట్టని కూరల సంచీల పక్కన అక్క సర్దుకుంది.

వడ్డాది నుంచి మాడుగుల ముప్పావుగంట. అక్కడ ఇడ్లీలు తిని, హల్వా కొనుక్కుని, ఎనిమిదికల్లా ఘాట్ ఎక్కాలని నా ప్లాను. అత్తగారు ఇడ్లీ తినరు కాబట్టి బండి పక్కకి ఆపి అక్క ఉప్మా చేసింది. ఒక్కావిడ కోసం చేసే ఉప్మా అందరికీ చెయ్యొచ్చని బావ, పొయ్యి వెలిగించాక టీ కూడా పెట్టమని మా ఆయన. నేనూ తిన్నాను. బాగుంది కూడా. అక్క గిన్నెలు కడిగి దిగేసరికి తొమ్మిది దాటింది. హల్వా మాత్రం వదలకండి, అక్కడ కొన్న రుచి వేరే ఊళ్ళల్లో అమ్మేవాటికి రాదు. అరకిలో తీసుకున్నాం.

ఘాట్ గురించి ఉన్నమాట చెబుతాను. వెనకాల ట్రైలర్ పెట్టుకుని ఆ మలుపులు ఎక్కడమంటే తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టే. అప్పలరాజు ప్రతి మలుపుకీ ముందు హారన్ కొట్టి, ఎదుటి బస్సుని పోనిచ్చి, అప్పుడు వెడల్పుగా తిప్పేవాడు. గంటలో ఎక్కాల్సింది రెండు గంటలు పట్టింది. అక్కకి కడుపులో తిప్పింది. ఒకచోట ఆపి ట్రైలర్లో పడుకోబెట్టాను. ఆ మంచం మీద ఆమె పడుకున్నది ఆ పది నిమిషాలే. అద్దెకి తీసుకున్నది ఆ మంచం కోసమే. "పరవాలేదే, పద. పూలు సూడాల కదా" అని తనే లేచింది. అప్పుడు మొహంలో వెలుగు చూసి, నాకు ఉప్మా మీదున్న కోపం పోయింది.

పాడేరు దాటాక దూరంగా పసుపు మచ్చలు మొదలయ్యాయి. కీర్తి ఒక్కోటీ వేలు పెట్టి చూపిస్తుంటే అక్క వెనక నుంచి మెడ చాపి చూసింది. "అవేనా? ఇంకా దగ్గరగా ఉంటాయా?" అని పదిసార్లు అడిగుంటుంది. హుకుంపేట దాటాక వాగు పక్కన భోజనానికి ఆపాం. అన్నం, పప్పు, వంకాయ కూర, చారు. ఇక్కడ నా వంతు ఒప్పుకోవాలి. సంచీలో వంకాయలు చూసి, "అక్కా, నువ్వు అల్లంపచ్చిమిర్చి పెట్టి వండుతావు చూడు, అలా చెయ్యవే" అన్నది నేను. వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఆ మాట అన్నాను. తిని, గిన్నెలు కడిగి కదిలేసరికి మూడు. స్వర్గానికెళ్ళినా సవతి పోరు తప్పలేదంటారు. మా అక్కకి కొండెక్కినా పొయ్యి తప్పలేదు.

అరకుకి ఇంకా పది కిలోమీటర్లుందనగా ఒక రైతు కళ్ళంలో ట్రైలర్ ఆపుకోవడానికి అప్పలరాజు ముందే మాట్లాడాడు. రాత్రి ఉండటానికి అయిదు వందలు. వాళ్ళ వలిసె చేను గట్టు అవతల, పది నిమిషాల నడక. రోడ్డు మీంచి కనిపించదు. చేరేసరికి నాలుగున్నర, ఎండ కొండ అంచుకి దిగుతోంది. చేనులో ఫొటోలకి మనిషికి ఇరవై. రైతు భార్య కొర్రమ్మ లెక్క అడిగితే ఆరుగురికి ఇచ్చేశాను.

బావ ఒళ్ళు విరుచుకుని, "సత్యా, ముందు కాసిని టీ పెట్టీ. సలి మొదలైపోనాది, అమ్మకి కూడా వేడిగా ఉంటాది" అన్నాడు.

"టీ తర్వాత తాగుదాం బావా. పొద్దు పోతోంది, అక్క రావాలి" అన్నాను.

"అందరం ఒకేపాలి ఎల్లిపోతే టీ ఎవులు పెడతారే? మీరు నడవండి. అది అయిదు నిమిషాల్లో ఒచ్చేస్తాది."

అక్క నా భుజం తట్టింది. "ఎల్లే, వస్తన్నాను." నేను వెళ్ళాను. నిజంగా నడుం దాకా ఉన్నాయి. గాలి వచ్చినప్పుడు చేనంతా ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడుతోంది. కీర్తి పరిగెత్తింది, నేను వీడియో తీశాను. బావ వాళ్ళమ్మగార్ని చెయ్యి పట్టుకుని పూల మధ్యలో నిలబెట్టి, శాలువా సర్ది, నాలుగు ఫొటోలు తీయించుకున్నాడు. ఎండ పోయింది. పసుపు బూడిదరంగైపోయింది. తిరిగి వస్తుంటే గట్టు మీద అక్క ఎదురొచ్చింది, చేతిలో ఫ్లాస్కు, గ్లాసులు. టీతో పాటు అత్తగారికి పాలు కాచి, రాత్రికి పప్పు కూడా నానబెట్టిందట. ఫ్లాస్కు బావ అందుకున్నాడు. "సీకటైపోనాది, ఇప్పుడేటి కనపడతాది. రేపు సూద్దువులే" అన్నాడు. అందరం వెనక్కి నడిచాం, అక్క కూడా.

రాత్రి ట్రైలర్లో మంచాలు అత్తగారికి, బావకి; అక్క కింద చాప మీద, మిగతావాళ్ళం బండిలో పడుకున్నాం. మర్నాడు ఎనిమిది దాటినా మంచు వీడలేదు. తొమ్మిదికి బయల్దేరాలని అప్పలరాజు అన్నాడు, లారీలు పెరిగాక ట్రైలర్‌తో ఘాట్ దిగడం కష్టమట. ఎనిమిదిన్నరకి మంచు విడిపోయి ఎండ వచ్చింది. సరిగ్గా అరగంట ఉంది. పొయ్యి మీద మధ్యాహ్నానికి పులిహోర అన్నం ఉడుకుతోంది. ఘాట్లో ఆపి వండటానికి కుదరదు, అత్తగారు బయట తినరు.

"గరిటె నాకివ్వు అక్కా, నువ్వెళ్ళు" అన్నాను.

"నీకు మా అత్త తినే పద్దతి తెల్దే. ఉప్పెక్కువైతే ముట్టదు. ఇది దింపీసి ఎల్తాను." నేను ఇంకోసారి అనలేదు. ఒక పక్క ఊపిరి పీల్చుకున్నాను కూడా, ఆవిడ కోసం వండాలంటే నాకు భయం. వెళ్ళి కీర్తికి జడ వేశాను. అక్క చేతులు తుడుచుకుంటూ కిందకి దిగేసరికి హుక్కు తగిలించేశారు, బావ ముందు సీట్లో ఉన్నాడు, హారన్ మోగింది. గట్టు వైపు పది అడుగులు వేసి ఆగిపోయింది.

అప్పుడే కొర్రమ్మ వచ్చి నా చేతిలో ఇరవై నోటు పెట్టింది. "ఆరుగురికి ఇచ్చేరు, అయిదుగురే ఒచ్చేరమ్మా. రాని మడిసికి డబ్బులొద్దు." అక్క బండి దగ్గర నుంచి, "ఏటే అది?" అని అడిగింది. చిల్లర అన్నాను.

దారిలో నా ఫోను తీసుకుని నిన్నటి వీడియో చూసింది. ఇంకోసారి పెట్టమంది. మూడుసార్లు చూసి, "బాగున్నాయే" అని తిరిగిచ్చి, కూరల సంచి మీద తల ఆన్చి నిద్రపోయింది. రెండు గంటలకి వడ్డాదిలో దింపాం. పులిహోర బాగుందని అందరూ అన్నారు.

ఇది జరిగి నెల కావస్తోంది. మొన్న వాళ్ళింటికి వెళ్తే పక్కింటావిడ అక్కని కొండ పూల గురించి అడుగుతోంది. అక్క ఉత్సాహంగా చెబుతోంది. "గాలొస్తే ఒక పక్కకి ఒరిగిపోతాయమ్మా. మా అత్త నిలబడితే నడుం దాకా వచ్చేయి." వాళ్ళత్త నడుం దాకా. అబద్ధం ఆడలేదు, తను చూసింది అదే. హాల్లో గోడ మీద శాలువా కప్పుకున్న అత్తగారి ఫొటో, ఆవిడ చుట్టూ పసుపు. నాకు బావ మీద, అత్తగారి మీద కోపం ఉంది, దాచుకోను. కానీ వెయ్యి ఎక్కువిచ్చి ఆ పొయ్యిని కొండ మీదికి లాక్కెళ్ళింది నేను. వంకాయ కూర అడిగింది నేను. అరగంట మిగిలుంటే కీర్తికి జడ వేస్తూ కూర్చున్నది కూడా నేనే. ఆ ఇరవై నోటు ఇంకా నా పర్సులో ఉంది, ఖర్చు పెట్టలేకపోతున్నాను.

మీరూ ట్రైలర్ తీసుకుని ఈ దారిలో వెళ్ళాలనుకుంటే ఒకటే మాట. ఘాట్లో ట్రైలర్‌ని వదులుతారో లేదో ముందే కనుక్కోవడం, ఎనిమిదిలోపు ఎక్కడం ఎలాగూ మీ డ్రైవరు చెబుతాడు. అతను చెప్పనిది నేను చెబుతాను. మీ ఇంట్లో ఎవరి కోసం ఆ ప్రయాణమో, వంట చేసేది ఆ మనిషే అయితే పొయ్యి లేని ట్రైలర్ అడగండి. దొరక్కపోతే బయల్దేరే ముందు సిలిండర్ కిందకి దింపేయండి. ఎవరికైనా ఆకలేస్తే పాడేరులో హోటళ్ళున్నాయి, ఇడ్లీ వేడిగానే పెడతారు.